చావడిలో దించని తుండు

రామలింగం సంచిలో పెట్టిన పంచెను పంకజం బయటికి తీసింది. అతను మళ్ళీ పెట్టాడు. ఆమె మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, నువ్విట్లా చేస్తే మధుర బస్సు పోతుంది."

"పోనీ. పోయేదానికే గదా బస్సు ఉండేది. రేపూ వస్తుంది."

"రేపటికి నా మనసు మారుతుందని నీ నమ్మకం."

"నా నమ్మకం నాది. ఆ సబ్బుపెట్టె ఇట్లా ఇయ్యి."

అతను ఇవ్వలేదు. మిల్లు కాన్వాసు గుడ్డతో కుట్టించిన సంచి మంచం మీద నోరు తెరుచుకుని కూర్చుంది. తెరిచిన సంచిని చూస్తే పంకజానికి పోయి తిరిగి రానివాళ్ళు గుర్తుకొస్తారు. వాళ్ళ నాయన దూది వ్యాపారమని సముద్రం దాటి కొళుంబుకు పోయి అక్కడే కన్నుమూశాడు. అమ్మను శ్రీవిల్లిపుత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయిన పూట రెండు చీరలు మడిచి ఇచ్చింది పంకజమే. చీరలు మాత్రం ఇల్లు చేరాయి. అప్పటికి రామలింగానికి పాలపళ్ళు కూడా ఊడలేదు. శంకర రాజును పెళ్ళాడి అదే వీధిలో ఉన్న ఈ ఇంటికి వచ్చేటప్పుడు ఆమె తమ్ముణ్ణి కూడా చెయ్యి పట్టుకుని తెచ్చుకుంది. శంకర రాజు ఒక్కనాడు మొహం చిట్లించలేదు. పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని వీధి చావడికి తీసుకుపోయి, పేపరులో అక్షరాలు వేలితో చూపించి చదివించింది ఆయనే. ఆ చదువే ఇప్పుడు ఇంటి మీదికి వచ్చింది.

అది 1962, ఎన్నికలు నెత్తి మీదికి వచ్చిన రోజులు. తమిళ నాట ఉన్న ఈ రాజపాళయంలో పార్టీని కచ్చి అంటారు, ఎన్నికలను తేర్దల్ అంటారు. ఆడవాళ్ళ నోట్లో ఉన్నవి రెండే కచ్చులు, పాత కచ్చి, కొత్త కచ్చి. శంకర రాజు స్వరాజ్యం రాకముందు నుంచీ పాత కచ్చి మనిషి, తెల్ల ఖద్దరు మనిషి. రామలింగం మిల్లులో ఫిట్టరుగా చేరిన ఏడాదే కొత్త కచ్చిలో చేరాడు, భుజం మీదికి రంగు అంచు తుండుగుడ్డ వచ్చింది. మొదట్లో అదొక వేడుకగానే ఉండేది. బావా బామ్మర్దీ అన్నం దగ్గర అరుచుకునేవాళ్ళు, లేచి ఒకే చెంబు నీళ్ళతో చేతులు కడుక్కునేవాళ్ళు. తరువాత ఊళ్ళోకి మైకులు వచ్చాయి. బండికి కట్టిన మైకు పొద్దున లేచింది మొదలు వీధివీధీ తిరుగుతూ ఎదుటివాడి పుట్టుకా, వాడి ఇంటి గుట్టూ చాటేది. మైకు అన్న మాట వారం తిరక్కుండా పేపరులో అచ్చయ్యేది. ఇంట్లో అరుచుకున్న మాటైతే చెంబు నీళ్ళతో పోతుంది. అచ్చయిన మాట ఎట్లా పోతుంది?

మొన్న సంతమైదానంలో పాత కచ్చి సభ జరిగింది. ఎక్కడి నుంచో వచ్చిన ఉపన్యాసకుడు, ఊరివాళ్ళు చెవిలో ఊదిన మాట పట్టుకుని, మైకులో అన్నాడు: "ఇక్కడొక కుక్క ఉందంట. అక్క చేతి కూడు తిని అక్కమొగుడి మీద మొరుగుతుందంట." మైదానమంతా నవ్వింది. వేదిక మీద కుర్చీలో శంకర రాజు ఉన్నాడు, మైదానం చివర రామలింగం ఉన్నాడు.

"ఆయన నవ్వినాడా?" అని అడిగింది పంకజం.

"నవ్వలేదు. ఉన్నమాట చెప్తాను, నవ్వలేదు. తల వంచుకుని కండ్లద్దాలు తుడుచుకున్నాడు. అద్దాలు తుడిచేదానికి అదా అక్కా సమయం?"

"అంతకు ముందు మీవాళ్ళు ఆయన్ని మిల్లు యజమాని చెప్పులు మోసేవాడని అన్నారు గదా. అప్పుడు మైకు కంబం పట్టుకుని నిలబడినది ఎవుడు?"

"నేను పట్టుకున్నది కంబం. మాట్లాడినది నేను కాదు."

"ఆయన తుడుచుకున్నది అద్దాలు. మాట్లాడినది ఆయనా కాదు."

రామలింగం నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఊపిరి వచ్చింది. మనిషి నవ్వుతున్నాడంటే తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదన్నమాట.

"ఆదివారం దాకా ఉండరా. చావడిలో కూట్టం పెట్టిస్తాను. మీవాళ్ళూ రానీ, వాళ్ళూ రానీ. మైకు లేదు, వేదిక లేదు. బావ అందరి ముందూ ఆ కుక్కమాట తప్పని చెప్తాడు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నీ సంచి నేనే సర్ది, నేనే బస్సెక్కిస్తాను."

ఆ మాట ఆమె నోరు ఆమెను అడక్కుండానే అనేసింది. రామలింగం సబ్బుపెట్టె తీసి గూట్లో పెట్టాడు.

శంకర రాజు సాయంత్రం కాళ్ళు కడుక్కుని తిన్నె మీద కూర్చున్నాక ఆమె సంగతి ఎత్తింది.

"ఆ మాటకు నేను తల ఎత్తుకోలేకపోయినాను పంకజం. కానీ మైకు చేతిలో ఉన్నవాణ్ణి ఎవుడు ఆపగలడు? వాడికి మన గొంతు వినపడదు."

"చావడిలో మైకు లేదు గదా."

"లేదు."

"అక్కడ చెప్తారా?"

"చెప్తాను. అది నేను చెప్పవలసిందే. ఆ మాట చెప్పి, తరువాత తాగేనీళ్ళ సంగతి మాట్లాడుకుంటాం. వాళ్ళు గెలిస్తే ఏం చేస్తారో వాళ్ళు చెప్పనీ, మేం గెలిస్తే ఏం చేస్తామో మేం చెప్తాం. తిట్టు లేకుండా ఒక్క కూట్టమైనా ఈ ఊళ్ళో జరిగిందని ఉండనీ." ఆయన గొంతులో చాలాకాలానికి పడుచుదనం వచ్చింది. "నువ్వే వాడికి చెప్పు, వాళ్ళ కచ్చిలో బాగా మాట్లాడేవాణ్ణి ఎవుణ్ణన్నా పిలుచుకు రమ్మను."

"మీరే చెప్పగూడదా? వాడు లోపలే ఉన్నాడు."

"నువ్వు చెప్పు."

ఆ సభ జరిగిన నాటి నుంచి ఆ ఇంట్లో మాటలు అట్లాగే నడుస్తున్నాయి. బావకు చెప్పు, వాడికి చెప్పు. మధ్యలో పంకజం. రెండు గదుల మధ్య గుమ్మానికి నోరుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆమె బతుకు.

ఆ వీధి చావడికి ఒక పద్ధతి ఉంది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. చావడిలో మాట్లాడదలచినవాడు భుజం మీది తుండు తీసి, మడిచి, తన ముందు రాతినేల మీద పెట్టాలి. తుండు నేల మీద ఉన్నంతసేపూ ఆ మాట అతనిది. అది ఎంత చేదు మాటైనా మరొకరు నోరెత్తకూడదు, నవ్వకూడదు, లేచి పోకూడదు. చెప్పవలసింది అయిపోయాక అతను తుండు తీసి భుజాన వేసుకుంటాడు, అప్పుడు రెండోవాడు తనది పెడతాడు. గట్టు తగాదాలు, కాలువ తగాదాలు, పెళ్ళి తప్పిపోయిన తగాదాలు, అన్నీ ఆ రాయి మీదే తీరాయి. కత్తులు నూరుకున్నవాళ్ళు కూడా అక్కడ ఎదుటివాడి తుండు వంక చూస్తూ కుక్కిన పేనులాగా కూర్చున్నారని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. చిన్నపిల్లలు కూడా ఆటల్లో చింకిగుడ్డ ముందేసుకుని మాట్లాడేవాళ్ళు. ఆ వీధివాళ్ళకు అది ఊపిరి తీసుకోవడం లాంటిది, అందుకే అదొక సంగతి అని ఎవరికీ గుర్తుండదు, చెప్పాలనీ తోచదు.

ఆదివారం పొద్దున పంకజం కుండెడు మజ్జిగ చేసింది. అల్లం దంచింది, కరివేపాకు తుంచింది, ఉప్పు చాలిందో లేదో అని పక్కింటి అంబుజం చేత రుచి చూపించింది.

"పెళ్ళివారికి కూడా నువ్వింత మజ్జిగ చేసుండవు," అంది అంబుజం. "తేర్దల్ కూట్టానికా ఇదంతా?"

"తేర్దల్ ఎవరికి కావాలి అంబుజం? ఆ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుంటే చాలు. ఒక్క మాట."

"ఏం మాట?"

"ఏదైనా సరే. 'ఉప్పు అందుకో' అన్నా చాలు."

ఆడవాళ్ళు చావడి పక్కన తడిక వెనక కూర్చుని చూస్తారు. పంకజం తడికలో సందు వెతుక్కుని కూర్చుంది. చావడి నిండింది. ఒక పక్క తెల్ల తుండ్లు, ఒక పక్క రంగు అంచు తుండ్లు. నడుమ స్తంభానికి ఆనుకుని అందరికంటే పెద్దవాడు రామ తాత. రామలింగం తన మిల్లు స్నేహితుడు బాలుసామిని వెంటబెట్టుకుని వచ్చాడు. బాలుసామిది పొరుగూరు మంసాపురం, పొలం పనులు చేసే కుటుంబం. కొత్త కచ్చిలో అంత నిదానంగా మాట్లాడేవాడు లేడని పేరు. చేతులు కట్టుకుని, వచ్చిన ప్రతి ఒక్కరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాడు. పంకజానికి అతన్ని చూడగానే నచ్చింది. 'మంచి ఇంట్లో పెరిగినవాడు,' అనుకుంది.

శంకర రాజు లేచాడు. ఆ కుక్కమాట తప్పని చెప్పబోతున్నాడని ఆమెకు తెలుసు. ఆయన పొద్దున స్నానం చేస్తూ ఆ నాలుగు ముక్కలూ తనలో తాను చెప్పుకోవడం ఆమె వింది. భుజం మీది తుండు మీదికి ఆయన చెయ్యి పోయింది. అంతలో ఆగాడు. పొరుగూరి మనిషి ఎదురుగా ఉండగా తాను ముందు మాట్లాడటం మర్యాద కాదని తోచినట్టుంది.

"ముందు వచ్చినవాళ్ళు మాట్లాడనీ. అదే మరియాద. తంబీ, నువ్వు చెప్పు. నేను తరువాత చెప్తాను."

ఆ మర్యాదే అన్నిటికీ చేటయింది.

బాలుసామి లేచి నిలబడ్డాడు. "పెద్దలందరికీ వణక్కం," అని మొదలుపెట్టాడు. "మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి..."

"తుండు, తంబీ," అన్నాడు రామ తాత. చాలా మెల్లగానే అన్నాడు.

బాలుసామికి అర్థం కాలేదు. "ఏమిటి పెద్దాయనా?"

"తుండు దించి మాట్లాడు."

చావడిలో ఉన్న వీధివాళ్ళకు అందులో వింతేమీ లేదు. తాత ఇంకెవరికైనా అదే చెప్తాడు, కలెక్టరు వచ్చినా అదే చెప్తాడు. కానీ బాలుసామి మొహంలో నెత్తురు ఇంకిపోవడం పంకజం తడిక సందులోంచి చూసింది. అతను ఆ మాట ఎక్కడ విన్నాడో ఆమెకు అప్పుడు తెలియదు.

"మా నాయన," అన్నాడు బాలుసామి, గొంతు ఇంకా నిదానంగానే ఉంది, "మా ఊరి భూస్వామి పన్నైయార్ వాకిట్లో నిలబడి కూలి అడిగేటప్పుడు తుండు చంకలో పెట్టుకుని నిలబడినాడు. భుజాన ఉంటే పన్నైయార్‌కు కోపం. నేను పిల్లోణ్ణి, పక్కన నిలబడి చూసినాను. ఇంక ఎవురి ముందరా తుండు దించనని నేను కచ్చిలో చేరిన నాడు ఒట్టు పెట్టుకున్నాను."

"ఇది దానికి కాదప్పా," అన్నాడు శంకర రాజు గబగబా. "ఇక్కడ అందరమూ దించుతాం. ఇదిగో చూడు, నేనూ దించుతున్నాను." అని తన తుండు తీసి నేల మీద పెట్టాడు.

అంతా సర్దుకునేదేమో. వెనక వరసలోంచి ఎవడో అన్నాడు: "కచ్చి తుండు గదా! నేల తగిలితే రంగు పోతుందని భయం!"

తెల్ల తుండ్ల పక్క నవ్వు లేచింది. శంకర రాజు తుండు నేల మీద ఉండగానే నవ్వారు. రామ తాత స్తంభం మీద చేత్తో కొట్టాడు, ఎవరూ వినలేదు.

బాలుసామి రామలింగం వైపు తిరిగాడు. "నువ్వు నాకు చెప్పలేదే."

చెప్పాలని రామలింగానికి తోచలేదు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ చావడిలో తుండు నేల మీద పెట్టినవాడు అతను. భుజం మీది తుండు దించకూడదని కచ్చిలో పదిమందికి చెప్పినవాడూ అతనే. ఆ రెండూ ఒకే తుండు అని అతనికి ఆ క్షణం దాకా తట్టలేదు.

"రామలింగం," అన్నాడు శంకర రాజు. సభ నాటి నుంచి మొదటిసారి ఆయన పంకజాన్ని మధ్యలో పెట్టకుండా పలికిన పేరు అది. "నువ్వైనా పెట్టు. మీ నాయన ఇక్కడ పెట్టినవాడే. నువ్వు పెడితే ఆ తంబికి అర్థమవుతుంది."

పంకజం తడికను పట్టుకుంది. పెట్టరా, పెట్టు, పెట్టు తండ్రీ. తమ్ముడి చెయ్యి లేవడం చూసింది. అది తుండు అంచు మీదికి పోయింది. బాలుసామి ఆ చేతినే చూస్తున్నాడు. రామలింగం ఆ అంచు పట్టుకుని, తుండును భుజం మీదికి ఇంకాస్త గట్టిగా లాగి వేసుకున్నాడు.

"రా బాలూ, పోదాం," అన్నాడు.

ఆ తరువాత ఒక్కసారిగా అందరూ లేచారు. "పెద్దవాళ్ళంటే లెక్కలేదు వీళ్ళకు," అని ఒకరు, "మీ దొరతనం ఇంకా చావలేదురా," అని ఒకరు. రామ తాత తుండు చుట్టూ చేతులు అడ్డం పెట్టి, "తొక్కకండప్పా, తొక్కకండి, మాట నేల మీదుంది," అని అరుస్తున్నాడు. ఆ గోలలో శంకర రాజు నిలబడి ఏదో చెప్తున్నాడు. పెదవులు కదలడం పంకజానికి కనిపించింది. ఆ నాలుగు ముక్కలే. పొద్దున స్నానంలో విన్నది కాబట్టి ఆమె పోల్చుకోగలిగింది. వినవలసినవాడు అప్పటికే మెట్లు దిగి వీధిలో పడ్డాడు.

బుధవారం పాత కచ్చి పేపరు వచ్చింది. 'చావడిలో పోకిరితనం: పెద్దల ముందు తలపొగరు' అని తాటికాయంత అక్షరాలు. శుక్రవారం కొత్త కచ్చి పేపరు వచ్చింది. 'తుండు దించమన్న దొరలు' అని అంతకంటే పెద్ద అక్షరాలు. రెండింటినీ పంకజం అటక కింద నీళ్ళ కాగు పక్కన కూర్చుని చదివింది. ఆమెకు చదువు ఎవరూ చెప్పలేదు. చింతపండు, బెల్లం చుట్టి ఇచ్చిన పేపరు ముక్కలు విప్పి, తమ్ముడు ఇంట్లో చదివే పాఠం విని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని తనంతట తాను నేర్చుకుంది. ఆ ముక్కల్లో ఏ సంగతికీ చివర ఉండేది కాదు, అక్కడికి చినిగిపోయి ఉండేది. అచ్చులో ఉన్నదంతా నిజమేననీ, మిగతా సగం ఎక్కడో ఉంటుందనీ ఆమె చాలాకాలం నమ్మింది. ఇప్పుడు చినగని పేపర్లు రెండు చేతిలో ఉన్నాయి, చివరి దాకా ఉన్నాయి. తాగేనీళ్ళ మాట ఒక్క దాంట్లోనూ లేదు. బాలుసామి అందరికీ నమస్కారం పెట్టిన సంగతి లేదు. తన మొగుడు తుండు దించి చూపించిన సంగతి లేదు.

రెండు పేపర్లకూ అడుగున ఒకే అచ్చాఫీసు పేరు ఉంది.

ఆమె అంబుజాన్ని తోడు తీసుకుని అక్కడికి పోయింది. ఆడవాళ్ళు పోయే చోటు కాదు. అచ్చాఫీసు అయ్యాసామి సిరా చేతులతో కుర్చీలు తుడిచి వేశాడు, కుర్చీలకు సిరా అంటింది, ఇద్దరూ నిలబడే మాట్లాడారు.

"రెండూ నువ్వే వేస్తావా?"

"నేనే అమ్మా. పెండ్లి పత్రికలూ వేస్తాను, చావు కరుమాది పత్రికలూ వేస్తాను. మిషను ఒకటే గదా."

"ఈ సంగతి నీకెవరు చెప్పినారు? మా ఇంటాయనా, మా తమ్ముడా?"

"పాపం, వాళ్ళెందుకు చెప్తారు? నేను చావడి ఎదురుగా టీ కొట్టులో నిలబడి ఉన్నాను. అరుపులు వినపడినాయి. అటు సగం, ఇటు సగం రాసినాను."

"లోపల ఏం జరిగిందో చూడకుండానే?"

"చూస్తే ఒక్క పేపరే వస్తుందమ్మా, రెండు రావు."

అంబుజం నవ్వింది. పంకజానికి నవ్వు రాలేదు. "జరిగినది జరిగినట్టు ఒకసారి వెయ్యి అయ్యాసామీ. ఇద్దరూ మంచివాళ్ళే అని వెయ్యి."

అయ్యాసామి తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు, అతనికి జాలిగానే ఉంది. "ఇద్దరూ మంచోళ్ళని వేస్తే ఎవుడు కొంటాడమ్మా? కొన్నవాడు కూడా పొట్లం కట్టేదానికే కొంటాడు. సరి, మీ కోసం ఒకటి చేస్తాను. వాళ్ళిద్దరూ ఒకే కాగితం మీద సంతకంగా పేర్లు పెట్టి, ఇదీ జరిగినదని రాసి ఇస్తే, రెంట్లోనూ ఉత్తినే వేస్తాను. ఒకడు ఇస్తే వెయ్యను. ఇద్దరూ ఇయ్యాల."

ఆమె ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చింది. దారిలోనే ఆ కాగితంలో ఏం ఉండాలో మనసులో రాసుకుంది.

శంకర రాజు విన్నాడు. ఆయన మనసు ఆ కాగితం మీదికి పోవడం ఆమెకు తెలిసింది. తరువాత వెనక్కి పోవడమూ తెలిసింది. "మా పెద్దవాళ్ళను దొరలని వేసినారు పంకజం. రామ తాత రెండు పూటలు అన్నం తినలేదు. ఆ కాగితం కింద నేను పేరు పెడితే తాత మొహం ఎట్లా చూసేది? తేర్దల్ కానీ. అయినాక పెడతాను. ముందు వాణ్ణి అడుగు, ఆ సంగతి పేపరుకు ఎందుకు చెప్పినాడని."

"వాడు చెప్పలేదు. అయ్యాసామే విని రాసినాడంట. రెండూ ఆయనే రాసినాడు."

"అయ్యాసామి అట్లా రాయడు. అతను మన కచ్చివాడు."

ఆమె లోపలికి పోయింది. రామలింగం షిఫ్టు నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొత్తం విని అడిగాడు: "బావ పెడతానన్నాడా?"

"తేర్దల్ అయినాక పెడతానన్నాడు."

"కుక్కమాట తేర్దల్‌కు ముందు, మనిషిమాట తేర్దల్‌కు తరువాత. బాగుంది. బాలుసామి నాతో మాట్లాడటం లేదక్కా, నీకు తెలుసా? నేనే అతన్ని తుండు దించేదానికి పిలుచుకుపోయినానని కచ్చిలో అనుకుంటున్నారు. ఇప్పుడు ఆ కాగితం మీద నేను పేరు పెడితే అదే నిజమని అంటారు. ముందు బావను అడుగు, మమ్మల్ని పోకిరీలని పేపరులో ఎందుకు వేయించినాడని."

"ఆయన వేయించలేదురా! రెండూ అయ్యాసామి రాసినాడు, నేను అడిగి వచ్చినాను, నాతోనే చెప్పినాడు!"

రామలింగం ఆమె వైపు జాలిగా చూశాడు. "నీకు తెలియదక్కా. అయ్యాసామి అట్లా రాయడు. అతను మా కచ్చివాడు."

ఆమె అన్నం వడ్డించింది. ఒకరికి తిన్నె మీద, ఒకరికి వంటింట్లో. ఆ రాత్రీ, ఆ తరువాతి పూటలూ అట్లాగే వడ్డించింది. మైకులు వీధిలో తిరుగుతూనే ఉన్నాయి. చావడిలో తుండు కథ ఇప్పుడు వాటికి కొత్త సరుకు. ఒక మైకు రామ తాతను గుడ్డి దొర అంది. ఒక మైకు బాలుసామి నాయనను పేరు పెట్టి తిట్టింది. తుండు దించి మాట్లాడటమంటే ఏమిటో తెలిసిన వీధివాళ్ళు కూడా ఆ తరువాత చావడిలో తుండు దించడం మానుకున్నారు. దించితే పాత కచ్చి, దించకపోతే కొత్త కచ్చి అని లెక్క ఏర్పడింది. చావడిలో ఒకరు చదివితే పేపరు వినడానికి మనుషులు రావడం తగ్గించారు. వచ్చినవాళ్ళు తమ పేపరు తాము చంకలో పెట్టుకుని వచ్చి, తమలో తాము చదువుకుని పోయేవాళ్ళు.

ఓట్లు అయిపోయాయి. ఈ ఊళ్ళో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో పంకజం పట్టించుకోలేదు. ఆమె ఎదురుచూసింది తేర్దల్ అయినాక అన్న మాట కోసం. లెక్కింపు రోజు సాయంత్రం పాత కచ్చి ఊరేగింపు వీధిలోకి వచ్చి, వాళ్ళ గుమ్మం ముందు కావాలనే ఆగి, కుక్క మొరిగినట్టు మొరిగి పోయింది. మొరిగినవాళ్ళలో శంకర రాజు చేత అక్షరాలు దిద్దించుకున్న పిల్లలు ఉన్నారు. శంకర రాజు గుమ్మంలోకి పోయి, "పోండిరా, సిగ్గులేదా," అని అరిచాడు. డప్పుల్లో ఆ అరుపు పోయింది. లోపల ఉన్న రామలింగానికి డప్పులూ మొరుగుడూ వినపడ్డాయి గాని బావ అరుపు వినపడలేదు. పంకజం పోయి చెప్పింది. "అరిచినాడులే," అన్నాడు అతను. నమ్మాడో, ఆమె కోసం అన్నాడో తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆమె ఇచ్చిన మాట ప్రకారం ఆమే సర్దింది. ఈసారి ఏదీ బయటికి తీయలేదు. కోయంబత్తూరులో మిల్లులు చాలా ఉన్నాయి, ఫిట్టరుకు పని దొరుకుతుంది, అక్కడి సింగానల్లూరులో తెలిసినవాడు ఉన్నాడు, మధురలో బస్సు మారితే చాలు, అన్నీ అతను చెప్పాడు, అన్నిటికీ ఆమె సరే అంది. పులిహోర పొట్లం కట్టింది.

శంకర రాజు తిన్నె మీద పేపరు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పేపరు మొహానికి అడ్డంగా ఉంది. రామలింగం గుమ్మం దాటి ఆయన ముందు నిలబడ్డాడు. సంచిని ఒక భుజం మీంచి రెండో భుజం మీదికి మార్చుకున్నాడు.

పేపరు వెనక నుంచి ఆయన అన్నాడు: "పంకజం, బస్సుకు టైమైందేమో అడుగు."

"అయిందని చెప్పక్కా," అన్నాడు రామలింగం.

ఆమెకు చెప్పవలసిన పని లేకపోయింది. ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు ఉన్నారు, చెవులు బాగానే ఉన్నాయి. అయినా ఆమె చెప్పింది. "టైమైందంట," అంది మొగుడితో. ఆయన తల ఊపాడు. రామలింగం వీధి మలుపు తిరిగేదాకా ఆయన పేపరు దించలేదు. తిరిగాక దించి, "వాడికి దారిఖర్చుకు ఉందా?" అని అడిగాడు. అద్దాలు తడిసి ఉన్నాయి. "పరుగెత్తి అడిగిరాండి," అంది ఆమె. ఆయన లేచి రెండు గుమ్మాలు దాటి, చావడి ముందు ఎవరో కూర్చుని ఉంటే చూసి, వెనక్కి వచ్చాడు.

అటుపోయిన మిల్లు మనుషుల నోట ఎప్పుడో ఒక కబురు వచ్చేది. పని దొరికింది. పెళ్ళయింది, తళవాయిపురం పిల్ల. ఆడపిల్ల పుట్టింది, పేరు కనకం, అది ఈ అక్కాతమ్ముళ్ళ అమ్మ పేరు. శంకర రాజు ఆ పేరు విని, ఒకసారి పోయి చూసి వద్దామా అన్నాడు. మళ్ళీ తేర్దల్ దగ్గరికి వచ్చింది, ఇప్పుడు పోతే ఓటు కోసం వచ్చినాడని అనుకుంటారు, అయినాక పోదాం అన్నాడు. 1967లో కొత్త కచ్చి రాజ్యానికి వచ్చింది. ఇప్పుడు పోతే గెలిచినవాళ్ళ కాళ్ళ దగ్గరికి వచ్చినాడని అంటారు అన్నాడు. 1968 ఐప్పసి నెల వానల్లో ఆయన కన్నుమూశాడు. రామలింగానికి కబురు పంపారు. అది అందిందో లేదో తెలియదు.

రామలింగం 1962 మాసి నెలలో, ఓట్లు లెక్కించిన మర్నాడు, పొద్దున మధుర బస్సెక్కి పోయాడు. తిరిగి రాలేదు.